మీకు తెలుసా? మంజీర మట్టికీ కాకినాడ సముద్రపు చమురుకూ చుట్టరికం ఉంది

నారాయణఖేడ్ దాటి మనూర్ దాకా వెళ్లినవాళ్లకు సముద్రం గుర్తుకు రావడానికి కారణమేమీ కనిపించదు. నల్లరేగడి చేలు, కంది, పత్తి, జొన్న, పక్కన మంజీర. తూర్పు తీరమైనా పడమటి తీరమైనా అక్కణ్నుంచి 350 కిలోమీటర్లకు తక్కువ లేదు. అయినా బంగాళాఖాతం అడుగున దొరికే చమురు, గ్యాస్ గురించి చెప్పుకోవాలంటే ఈ ఊరి దగ్గర మొదలుపెట్టడమే సబబు.

మంజీర మోసుకెళ్లిన మట్టి ఎక్కడుంది?

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. బీదర్ మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి, సింగూరు, నిజాంసాగర్ దాటి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల ప్రయాణం. వానాకాలంలో ఎర్రగా, నల్లగా పారే ఆ నీళ్లలో దక్కన్ నల్లరాయి అరిగి వచ్చిన సన్నటి బంకమట్టి ఉంటుంది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రం అడుగు నుంచి బురద పైకి తీసి పరీక్షించిన శాస్త్రవేత్తలకు అందులో కనిపించేది ఎక్కువగా ఈ దక్కన్ రేగడి బంకే.

ఇలా కోట్ల ఏళ్లుగా చేరిన ఇసుక, మట్టి పొరలు కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. 2009లో గ్యాస్ ఇవ్వడం మొదలుపెట్టిన రిలయన్స్ కేజీ-డీ6 బ్లాకు తొలి క్షేత్రాల్లో ఆ గ్యాస్‌ను పట్టి ఉంచినది, గత 50 లక్షల ఏళ్లలో నది తెచ్చి లోతు సముద్రంలోకి జార్చిన ఇసుకే. గోదావరి లేకపోతే ఆ క్షేత్రాలు లేవు. గోదావరికి నీరిచ్చే ఉపనదుల్లో మన మంజీర ఒకటి.

ఇప్పుడా మట్టి రాక బాగా తగ్గింది. 1970ల్లో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి చేర్చేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతాది ఆనకట్టల వెనక ఆగిపోతోంది.

మనూర్ కింద ఉన్న రాయే రాజోలు కింద కూడా ఉందా?

ఉంది. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు నేల అడుగున పరుచుకున్న నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద పొంగిన లావా. రాక్షసబల్లులు అంతరించిన కాలం అది. ఆ లావాలో కొన్ని ప్రవాహాలు పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు దాటి నేటి రాజమహేంద్రవరం దాకా పారాయని శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్ముతున్నారు. భూమి మీద ఇంత పొడవైన లావా ప్రవాహాలు ఇంకెక్కడా పెద్దగా తెలియవు. గోదావరి ఒడ్డున కాతేరు, పంగిడి క్వారీల్లో ఆ రాయి బయటికే కనిపిస్తుంది. కోనసీమలోని రాజోలు వైపు అది లోతుకు దిగిపోయింది. చమురు బావులు తవ్వినప్పుడు డ్రిల్లు దానికి తగిలింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరకు పెట్టిన పేరు ‘రాజోలు ఫార్మేషన్’.

అక్కడితో ఆగలేదు. ఈ బేసిన్‌లో చాలా పొరలకు తెలుగు ఊళ్ల పేర్లే ఉన్నాయి. చమురుకు, గ్యాస్‌కు పుట్టిల్లు అయిన పొర రాఘవాపురం షేల్, అంటే గట్టిపడిన బురదరాయి. ఇంకొకటి వడపర్రు షేల్. గ్యాస్ దాచుకున్న ఇసుకరాయి మండపేటది. హ్యూస్టన్‌లోనో లండన్‌లోనో కేజీ బేసిన్ మీద పరిశోధన రాసేవాళ్లు ఈ పేర్లు పలక్క తప్పదు.

సింగరేణి బొగ్గు పొరలకు తోబుట్టువులు కోనసీమ పక్కనే ఉన్నాయి

మండపేట గ్యాస్ ఎక్కడ పుట్టిందని వెతికితే కొమ్ముగూడెం పేరున్న పొర తేలింది. అందులో ఉన్నది బొగ్గు, షేల్. సింగరేణి బొగ్గు ఏర్పడిన కాలమే దానిదీ. ప్రాణహిత-గోదావరి లోయ వెంట ఏర్పడిన ఆ పొరలు తీరం వైపు సాగి, మూడు నాలుగు కిలోమీటర్ల లోతుకు కుంగాయి. అక్కడి వేడికి బొగ్గు గ్యాస్‌ను వదిలింది. కొత్తగూడెంలో తట్టతో ఎత్తే ఇంధనం, మండపేటలో గొట్టంలో వచ్చే ఇంధనం, రెండూ ఒకే అడవుల నుంచి పుట్టాయి. అప్పటికి మన తూర్పు తీరం అంటార్కిటికాతో కలిసే ఉంది. అవి విడిపోయింది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట. ఆ చీలికే నేటి బంగాళాఖాతానికి మొదలు.

భూమి లోపల చమురు చెరువులు ఉండవు

చమురు అనగానే చాలామంది నేల లోపల ఒక పెద్ద గుంట, దాన్నిండా నల్లటి ద్రవం ఊహించుకుంటారు. నిజానికి అది రాయి లోపలి సన్నటి రంధ్రాల్లో, ఇటుక నీళ్లు పీల్చుకున్నట్టు, ఇమిడి ఉంటుంది. సముద్రంలో తేలే అతి చిన్న జీవులు, నాచు చచ్చి అడుగున చేరి, మట్టి కింద కప్పబడి, 60 నుంచి 120 డిగ్రీల వేడిలో లక్షల ఏళ్లు ఉడికితే చమురవుతుంది. వేడి ఇంకా పెరిగితే గ్యాస్ అవుతుంది. రాక్షసబల్లుల ఎముకలకూ దీనికీ సంబంధం లేదు.

తొలి బావి సముద్రంలో కాదు, నరసాపురంలో

1974 ఫిబ్రవరిలో ముంబయి తీరానికి 160 కిలోమీటర్ల దూరాన ‘సాగర్ సమ్రాట్’ అనే డ్రిల్లింగ్ రిగ్గు బాంబే హైలో చమురు కనిపెట్టింది. 1976లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. దేశం సముద్రం వైపు ఆశగా చూడడం అప్పటినుంచే. మన వైపు ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ 1978లో నరసాపురం దగ్గర బావి తవ్వింది. 1980లో తీరం దాటి సముద్రంలో వేసిన బావిలో చమురు జాడ తగిలింది. 1987లో కోనసీమ తీరానికి ఎదురుగా రవ్వ క్షేత్రం దొరికింది.

రవ్వ ముచ్చట ఒకటి చెప్పాలి. 1994లో ప్రైవేటు కంపెనీలతో కలిసి ఒప్పందం రాసుకున్నప్పుడు అక్కడ తీయగలిగేది సుమారు 10 కోట్ల బ్యారెళ్లు అనుకున్నారు. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు. ఇప్పటికి తీసింది ఆ అంచనాకు రెండింతలు దాటింది. తీరంలో సురసాని యానాం దగ్గర దాని టెర్మినల్ ఉంది.

అంచనా అటు తప్పినట్టే ఇటూ తప్పింది. 2005 జూన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ, కాకినాడకు ఎదురుగా ఉన్న తన బ్లాకులో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించింది. దీన్‌దయాళ్ క్షేత్రం అని పేరు పెట్టారు. తర్వాత తేలిన పరిమాణం అందులో పదోవంతు చుట్టూ తిరిగింది. సంస్థ అప్పుల్లో మునిగింది. 2017లో దాని 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ కొనుక్కుంది. సముద్రం అడుగున ఏముందో డ్రిల్లు దిగేదాకా తెలియదు. దిగాక కూడా పదేళ్లు తీస్తే తప్ప పూర్తిగా తెలియదు. అందుకే ‘భారీ నిక్షేపాలు’ అన్న వార్త చదివినప్పుడల్లా ఎంత ఉందని కాదు, ఎంత తీయగలరు, ఎప్పటికి అని అడగాలి.

12 నిమిషాలు

2024 జనవరి 7న కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 అనే బ్లాకులో ఓఎన్‌జీసీ తొలిసారి చమురు తీసింది. కాకినాడ తీరం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. టీవీల్లో, పత్రికల్లో ఎంతో సంబరంగా వచ్చింది. ఆ సంబరం న్యాయమైనదే. గరిష్ఠంగా రోజుకు 45,000 బ్యారెళ్లు తీయాలన్నది లక్ష్యం. లీటర్లలో చెబితే 71 లక్షలకు పైమాటే.

ఇప్పుడు రెండో అంకె. దేశం రోజుకు వాడే చమురు సుమారు 55 లక్షల బ్యారెళ్లు. 45,000 బ్యారెళ్లు మనకు దాదాపు 12 నిమిషాలకు సరిపోతాయి.

రెండంకెలూ నిజమే. మొదటిది మాత్రమే చెబితే దేశానికి చమురు కష్టాలు తీరినట్టు వినిపిస్తుంది. రెండోది మాత్రమే చెబితే అంత శ్రమ దేనికని అనిపిస్తుంది. దేశంలో మనం సొంతంగా తీసే ముడిచమురు ఏడాదికి 3 కోట్ల టన్నుల లోపే. అందులో చూస్తే ఈ ఒక్క బ్లాకు ఏడెనిమిది శాతం చేర్చగలదు. పాత క్షేత్రాలు ఏటేటా తగ్గిపోతున్న కాలంలో అది చిన్న సాయం కాదు. బాంబే హై ఒకప్పుడు రోజుకు 4 లక్షల 70 వేల బ్యారెళ్లు దాటి ఇచ్చింది. అది 1989 నాటి మాట.

మైనం పేరుకోకుండా గొట్టంలో గొట్టం

ఆ బ్లాకులో ‘ఎం’ క్షేత్రం చమురులో మైనం ఎక్కువ. సముద్రం లోతున నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి పైకి వచ్చేలోపే అది గడ్డకట్టి గొట్టాన్ని మూసేస్తుంది. అందుకని ఒక గొట్టంలోపల ఇంకో గొట్టం పెట్టి, మధ్యలో వేడి పోకుండా కాపాడే పద్ధతిని దేశంలో తొలిసారి ఇక్కడ వాడారు. పైన నీళ్ల మీద ‘ఆర్మడా స్టెర్లింగ్-5’ అనే నౌక నిలిచి ఉంటుంది. చమురు తీయడం, శుద్ధి చేయడం, నిల్వ ఉంచడం, ట్యాంకర్ నౌకలకు అందించడం అన్నీ దానిమీదే. తొలి సరుకు మంగళూరు రిఫైనరీకి వెళ్లింది. గ్యాస్ మాత్రం ఓడలరేవు టెర్మినల్‌కు గొట్టంలో వస్తుంది.

రిలయన్స్ వాళ్ల కేజీ-డీ6లో 2020 డిసెంబర్‌లో మొదలైన ఆర్-క్లస్టర్ అయితే 2,000 మీటర్లకు మించిన నీటి లోతులో ఉంది. అక్కడి ఒత్తిడి మన మీద ఉండే గాలి ఒత్తిడికి 200 రెట్లు. మనిషి దిగి పనిచేసే చోటు కాదు. వాల్వులు బిగించడం దగ్గర్నుంచి మరమ్మతుల దాకా పైనుంచి నడిపించే యంత్రాలే చేస్తాయి.

యూరియా బస్తాలో గ్యాస్ ఉంది

మనూర్ రైతుకు సముద్రపు గ్యాస్‌తో ఉన్న అసలు సంబంధం పొయ్యి దగ్గర కంటే చేలో ఎక్కువ. యూరియా తయారీకి కావాల్సిన ముఖ్యమైన ముడిసరుకు సహజవాయువు. ఆ గ్యాస్‌ను నీటి ఆవిరితో కలిపి వేడి చేస్తే హైడ్రోజన్ వస్తుంది. హైడ్రోజన్‌ను గాలిలోని నత్రజనితో కలిపితే అమ్మోనియా. అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపితే యూరియా. చేలో చల్లే తెల్లటి గింజలో సగానికి కాస్త తక్కువ నత్రజని. అది గాలిలోంచి వచ్చిందే. దాన్ని గాలిలోంచి విడదీసి పట్టుకోవడానికి పనిచేసింది మాత్రం గ్యాస్.

రామగుండంలో పాత ఎరువుల కర్మాగారం బొగ్గుతో నడిచేది. నష్టాలతో 1999లో మూతపడింది. అదే చోట గ్యాస్‌తో నడిచే కొత్త కర్మాగారం కట్టి, 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టారు. దాని శక్తి ఏడాదికి 12.7 లక్షల టన్నులు. 45 కిలోల బస్తాల్లో చెబితే 2 కోట్ల 80 లక్షలకు పైగా. దానికి గ్యాస్ వచ్చే గొట్టం మొదలయ్యేది కాకినాడ దగ్గరి మల్లవరంలో. బొగ్గుబావుల నడుమ ఉన్న ఊరికి సముద్రం వైపు నుంచి గ్యాస్ రావడం, దాంతో తయారైన యూరియా తెలంగాణ సొసైటీలకు చేరడం మామూలు మార్పు కాదు. 2025 వానాకాలంలో రాష్ట్రమంతా యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రైతులను చూశాం. ఇంధన భద్రత అంటే పెట్రోలు బంకు ధర ఒక్కటే అనుకునేవాళ్లు ఆ వరుసలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గ్యాస్ వస్తుందని కట్టిన కేంద్రాలు

కేజీ-డీ6 గ్యాస్ 2002 అక్టోబర్‌లో దొరికింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010 నాటికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 8 కోట్లకు చేరుతుందన్నారు. చేరలేదు సరికదా, బావుల్లో ఒత్తిడి పడిపోయి, నీళ్లు, ఇసుక రావడంతో వేగంగా జారిపోయింది. ఆ తొలి క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడ్డాయి.

దాన్నే నమ్ముకుని గోదావరి జిల్లాల్లో విద్యుత్ కేంద్రాలు వరుసగా లేచాయి. రాజమహేంద్రవరం దగ్గర వేమగిరిలో జీఎంఆర్ 768 మెగావాట్ల కేంద్రం, పెద్దాపురం దగ్గర జీవీకే గౌతమి 464 మెగావాట్ల కేంద్రం. 2013 నుంచి కేజీ-డీ6 గ్యాస్ విద్యుత్‌కు అందడం ఆగిపోయింది. వేల కోట్ల యంత్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. తెలంగాణలో కరీంనగర్ జిల్లా నేదునూరులో 2,100 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రానికి 2010లో శంకుస్థాపన జరిగింది. రైతులు భూములిచ్చారు. గ్యాస్ కేటాయింపు రాలేదు. కేంద్రం లేవలేదు. భవిష్యత్ అవసరాలకు సముద్రాన్ని నమ్ముకోవచ్చా అని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది నేదునూరునే.

అలాగని కథ అక్కడే ఆగలేదు. అదే బ్లాకులో ఆర్-క్లస్టర్, శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే క్షేత్రం మొదలయ్యాక ఉత్పత్తి మళ్లీ రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల దగ్గరకు వచ్చింది. అప్పట్లో దేశంలో దొరికిన గ్యాస్‌లో అది దాదాపు మూడో వంతు. మన సముద్రం చమురు కంటే గ్యాస్ ఎక్కువగా ఇచ్చే సముద్రం. ఆశలు పెట్టుకునేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవడం మంచిది.

రాష్ట్రానికి రాయల్టీ రాదు

నేల మీద, అంటే కోనసీమ పొలాల్లో, తీసే చమురుకు రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో తీసేదానికి రాదు. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాల కింద, ఖండతీరపు అరుగు కింద ఉన్న ఖనిజాలన్నీ కేంద్రానివి. తీరం ఆంధ్రప్రదేశ్‌ది, టెర్మినళ్లు ఆంధ్రప్రదేశ్‌వి, ప్రమాదం జరిగితే నష్టం అక్కడి పల్లెలది.

ఆ నష్టం ఊహ కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి అంటుకుంది. మంటలు 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి వెళ్లారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు, పొద్దున్నే పనికి లేచినవాళ్లు.

వేటకు పోయేవాళ్ల నష్టం ఇంకో రకం. సముద్రంలో గొట్టాలు వేసేటప్పుడు ఆ దారిలో వల వేయనివ్వరు. ఓఎన్‌జీసీ పైప్‌లైన్ పనుల వల్ల ఉపాధి పోయిన కోనసీమ, కాకినాడ జిల్లాల 23,458 మత్స్యకార కుటుంబాలకు 2023 నవంబర్‌లో 161.86 కోట్ల రూపాయల పరిహారం చెల్లించారు. కుటుంబానికి నెలకు 11,500 రూపాయల చొప్పున ఆరు నెలలకు. బ్యారెల్ ఖరీదు లెక్కించేటప్పుడు ఈ అంకె కూడా పక్కన రాసుకోవాలి.

విశాఖ కొండ లోపల చమురు నిల్వ

విశాఖపట్నంలో రాతిని తొలిచి చేసిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచవచ్చు. గోడలకు పూత ఉండదు. చుట్టూ రాతిలో ఉన్న భూగర్భ జలం ఒత్తిడే చమురు బయటికి కారకుండా ఆపుతుంది. మంగళూరు, పాదూరు గుహలతో కలిపితే మొత్తం 53.3 లక్షల టన్నులు. యుద్ధమో, మరో ఆపదో వచ్చి దిగుమతులు ఆగితే దేశానికి తొమ్మిది పది రోజులు. ఆ విశాఖ నుంచే పెట్రోలు, డీజిల్ విజయవాడ మీదుగా 572 కిలోమీటర్ల గొట్టంలో సికింద్రాబాద్ వైపుకు వస్తాయి.

మండే మంచు

అగ్గిపుల్ల గీస్తే అంటుకునే మంచు సముద్రం అడుగున ఉంది. గ్యాస్ హైడ్రేట్ అంటారు. చలి, ఒత్తిడి కలిసిన చోట నీటి అణువుల మధ్య మీథేన్ చిక్కుకుని గట్టిపడితే ఏర్పడుతుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే 160 ఘనపు మీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది. 2006లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అనే నౌక కేజీ బేసిన్‌లో ఒకచోట తవ్వితే 128 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర తగిలింది. ప్రపంచంలో అప్పటికి కనిపించిన అతి మందమైన వాటిలో అదొకటి. 2015లో జపాన్ నౌక ‘చిక్యూ’తో మళ్లీ తవ్వితే, గ్యాస్ తీయడానికి ఇంకా అనువైన ఇసుక పొరల్లోనూ హైడ్రేట్ దొరికింది.

తీయడం ఎవరివల్లా ఇంకా సరిగ్గా కాలేదు. 2013 మార్చిలో జపాన్ తన సముద్రంలో ప్రయత్నించింది. ఆరు రోజులకే బావిలో ఇసుక నిండి ఆపేశారు. చైనా 2017లో సుమారు రెండు నెలలు తీసి చూసింది. వ్యాపారంగా ఎవరూ మొదలుపెట్టలేదు. ఈ గ్యాస్ అదుపు తప్పి గాలిలో కలిస్తే వాతావరణానికి చేటు. మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి తొందరపడకపోవడమే మంచిదని నా నమ్మకం. పరిశోధన మాత్రం ఆగకూడదు.

దొరికిన రోజుకూ అందిన రోజుకూ మధ్య

దక్షిణ అమెరికాలోని గయానా 2015లో సముద్రంలో చమురు కనిపెట్టి, 2019 డిసెంబర్‌లో తీయడం మొదలుపెట్టింది. నాలుగున్నరేళ్లు. లోతు సముద్రంలో ఇది చాలా వేగం. కేజీ-డీ6 గ్యాస్‌కు ఆరున్నరేళ్లు పట్టింది. 98/2 బ్లాకులో చమురు 2020కే వస్తుందని 2016 ప్రణాళికలో రాసుకుంటే 2024లో వచ్చింది.

2022లో కేంద్రం, రక్షణ కారణాలతో అన్వేషణకు మూసి ఉంచిన సముద్ర ప్రాంతంలో దాదాపు 10 లక్షల చదరపు కిలోమీటర్లను తెరిచింది. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ‘సముద్ర మంథన్’ పేరుతో లోతు సముద్ర అన్వేషణ కార్యక్రమం ప్రకటించారు. ఆ కార్యక్రమంలో తవ్వే బావుల్లో చమురు దొరికితే, దొరికిన ప్రతిదీ తీయడానికి పనికొస్తే, మనూర్ బడిలో ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లలు చదువులు ముగించుకుని ఉద్యోగాల్లో చేరే కాలానికి అది మన రిఫైనరీలకు చేరుతుంది. అప్పటిదాకా ట్రాక్టరులో పోసే డీజిల్‌కు కావాల్సిన ముడిచమురులో దాదాపు 88 శాతం ఓడల మీద పరాయి దేశాల నుంచి వచ్చేదే.